విడాకుల కాగితం లేని తల్లుల పిల్లల కోసం: రెండు రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల ప్రధాన కార్యదర్శులకు నమస్కారం.

జూన్ 12న బడులు తెరిచేలోపు ఆదాయం, కులం, నివాసం కాగితాల కోసం సచివాలయాలు, మీసేవ కేంద్రాలు, ఎమ్మార్వో ఆఫీసులు కిటకిటలాడతాయి. ఆ రద్దీలో ఒక రకం దరఖాస్తు ఏటా వెనక్కే వస్తుంది. అది పెట్టిన తల్లి భర్తతో ఉండడం లేదు. పిల్లల్ని తనే సాకుతోంది. విడాకులు మాత్రం తీసుకోలేదు. కంప్యూటర్ ముందున్న ఉద్యోగి అడిగేది ఒక్కటే: "డిక్రీ ఉందామ్మా?" అంటే కోర్టు ఇచ్చిన విడాకుల ఉత్తర్వు. లేదంటే ఆ పని అక్కడితో సరి.

ఈ లేఖ రాస్తున్న మాలో కుటుంబ న్యాయస్థానాల్లో మెయింటెనెన్స్ (భరణం, పిల్లల పోషణ ఖర్చు) కేసులు వాదించే లాయర్లు, న్యాయ సేవా సంస్థల పారాలీగల్ వాలంటీర్లు, బడుల్లో అడ్మిషన్లు చూసే టీచర్లు ఉన్నారు. మేం అడిగేదల్లా పిల్లలకు సంబంధించిన ఏ కాగితానికైనా, ఏ పథకానికైనా విడాకుల డిక్రీ అడగడం మానేసి, బిడ్డ ఈ రోజు ఏ ఇంట్లో అన్నం తింటున్నాడో ఆ ఇంటినే కుటుంబంగా లెక్కేయమని. దీనికి రెవెన్యూ, పౌర సరఫరాలు, విద్య, మహిళా శిశు సంక్షేమ శాఖలు ఒక్క మాట మీదికి రావాలి. అందుకే ఏదో ఒక శాఖకు కాకుండా మీకు రాస్తున్నాం.

కుటుంబాలు మారిపోతున్నాయని ఎవరు మాట్లాడినా విడాకులు పెరిగాయనే అంటారు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద విడాకులు తీసుకున్నవాళ్లు సుమారు 13 లక్షల 60 వేల మంది. విడాకులు లేకుండా విడిగా ఉంటున్నామని చెప్పినవాళ్లు దానికి దాదాపు మూడు రెట్లు. పథకాల నిబంధనలు రాసేవాళ్లు ఈ రెండో అంకెను చూసినట్టు లేదు. పెళ్లి కోర్టులో తెగేది తక్కువ, బస్టాండులో తెగేది ఎక్కువ. ఒక సంచి, ఇద్దరు పిల్లలతో పుట్టింటికి వచ్చేస్తారు. రెండు నెలల్లో సర్దుకుంటుందనుకున్నది ఆరేళ్లవుతుంది.

అసమానత మొదలయ్యేదీ ఇక్కడే. చేతిలో డబ్బు, చెప్పేవాళ్లు ఉన్న దంపతులు హిందూ వివాహ చట్టం 13బి కింద పరస్పర అంగీకారంతో పిటిషన్ వేస్తారు. ఏడాది విడిగా ఉండి ఉంటే చాలు. ఆ తర్వాతి ఆరు నెలల గడువును కూడా తగిన కారణాలుంటే కోర్టు మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. డిక్రీలోనే పిల్లల కస్టడీ, ఫీజులు, సెలవులు ఎవరి దగ్గర అన్నవన్నీ రాసుకుంటారు. ఆ బిడ్డ కాగితాలకు ఏ లోటూ ఉండదు. కూలీకో, కుట్టుపనికో వెళ్లే తల్లి బిడ్డకు ఇందులో ఏదీ లేదు. రెండు ఇళ్లలోనూ విడిపోవడం ఒకటే, బాల్యాలు మాత్రం వేరు. దానికి విడిపోవడం ఎంత కారణమో, ఆఫీసులు అడిగే కాగితమూ అంతే కారణం.

చాలామంది తల్లుల చేతిలో కాగితమంటూ ఉంటే అది వంద రూపాయల బాండ్ పేపరే. పెద్దమనుషుల పంచాయితీలో రాసిన విడాకుల ఒప్పందం. అనాదిగా వస్తున్న కులాచారం ప్రకారం జరిగే విడాకులను హిందూ వివాహ చట్టం 29(2) గుర్తిస్తుంది కానీ, ఆ ఆచారం ఉందని కోర్టులో రుజువు చేసుకోవాలి. మిగతావాళ్ల విషయంలో ఆ బాండ్ పేపరుకు విడాకులిచ్చే బలం లేదు. అంతకన్నా ప్రమాదకరమైన వాక్యం ఒకటి అందులో చివరన ఉంటుంది: "ఇకమీదట పిల్లల పోషణకు ఎలాంటి సొమ్మూ అడగను." ఏ లక్షో, రెండు లక్షలో ఇచ్చి ఈ వాక్యం రాయిస్తారు. తల్లి తన భరణం వదులుకున్నా, బిడ్డ పోషణ హక్కును బిడ్డ తరఫున వదిలేసుకునే అధికారం ఆమెకు లేదు. ఈ ఒక్క ముక్క తెలియక ఏళ్లపాటు కేసు వేయనివాళ్లు ఎందరో. ఆ పంచాయితీల్లో స్టేషన్ నుంచి వచ్చి కూర్చునేవాళ్లు, వార్డు పెద్దలు కనీసం ఆ వాక్యాన్ని కొట్టేయించినా మేలే.

ఇక రేషన్ కార్డు. జాతీయ ఆహార భద్రతా చట్టం, 2013లోని 13వ సెక్షన్ ప్రకారం రేషన్ కార్డుకు ఇంట్లో 18 ఏళ్లు దాటిన మహిళల్లో పెద్దామే ఇంటిపెద్ద. మంచి నిబంధనే. కానీ ఉమ్మడి కార్డులో ఉన్న కోడలు విడిపోయి వచ్చినప్పుడు ఆ ఇంటిపెద్ద ఎవరు? అత్తగారు. కొత్త కార్డు కావాలంటే పాత కార్డులోంచి పేర్లు తీయించాలి. తీయించాలంటే ఆ ఇంటివాళ్లు ముందుకు రావాలి, ఓటీపీ వాళ్ల ఫోన్‌కు పోతుంది, వేలిముద్ర వాళ్లది కావాలి. గొడవపడి వచ్చిన ఇంటి గుమ్మం ముందు మళ్లీ నిలబడి అడుక్కోవాల్సిన పరిస్థితి. కొందరు పేర్లు తీయించరు. కోపం ఒక్కటే కారణం కాదు, పిల్లల పేర్లుంటే తలకింత చొప్పున బియ్యం ఆ కార్డు మీదే వస్తాయి.

ఆంధ్రప్రదేశ్‌లో దీని మీద హౌస్‌హోల్డ్ మ్యాపింగ్, అంటే ఎవరెవరు ఒకే ఇంటివాళ్లో చెప్పే ప్రభుత్వ రికార్డు, అనే ఇంకో పొర ఉంది. పథకానికి అర్హత తేల్చే సిక్స్ స్టెప్ వెరిఫికేషన్ ఆ మ్యాపింగ్‌లో ఉన్న అందరి ఆధార్ నంబర్ల మీదా నడుస్తుంది: నెల ఆదాయం పల్లెలో 10,000, పట్టణంలో 12,000 దాటకూడదు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు మించకూడదు. నెలకు సగటున 300 యూనిట్లకు మించి కరెంటు వాడకూడదు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్ కాక వేరే నాలుగు చక్రాల బండి ఉండకూడదు. ప్రభుత్వోద్యోగి, ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండకూడదు. పట్టణంలో ఇల్లు 1,000 చదరపు అడుగులు దాటకూడదు.

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. టైలరింగ్ చేసి నెలకు 9,000 సంపాదించే తల్లి, ప్రభుత్వ బడిలో నాలుగు, ఏడు తరగతుల పిల్లలు. వేరే ఊళ్లో ఉన్న భర్త ఓ సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. మ్యాపింగ్‌లో అతను ఇంకా వీళ్లతోనే ఉన్నాడు. 2025లో మొదలైన తల్లికి వందనం పథకంలో చదువుకునే ఒక్కో బిడ్డకు ఏడాదికి 15,000. అందులో 2,000 బడి నిర్వహణకు పోగా 13,000 తల్లి ఖాతాలో పడాలి. ఇద్దరికీ కలిపి 26,000. ఆమె ఏడాది సంపాదన 1,08,000లో దాదాపు నాలుగో వంతు. ఆమె ఎన్నడూ ఎక్కని కారు పేరు చెప్పి అది రాదు. అర్హుల జాబితాలో కారణం గడిలో "ఫోర్ వీలర్" అని మాత్రమే ఉంటుంది. గ్రీవెన్స్ పెడితే బండి ఆర్సీ రద్దు చేయించుకుని రమ్మంటారు. ఎవరి బండి ఎవరు రద్దు చేయించాలి?

తెలంగాణలో ఇదే చిక్కు ఆదాయ ధ్రువపత్రం దగ్గర వస్తుంది. ఫారంలో తండ్రి పేరు, తండ్రి వృత్తి, కుటుంబ ఆదాయం అన్న గడులుంటాయి. విచారణకు వచ్చినవారు, ఒకప్పుడు వీఆర్వో, ఇప్పుడు గ్రామ పాలన అధికారి, తండ్రి ఉద్యోగం కనుక్కుని ఆ జీతమంతా కలిపేస్తారు. అలా కలిపితే ఫీజు రీయింబర్స్‌మెంట్ పరిమితి దాటిపోతుంది. కోర్టు నెలకు 8,000 ఇవ్వమని ఉత్తర్వు ఇచ్చి ఉంటే ఏడాదికి 96,000 అని దాన్నీ కలుపుతారు. ఆ సొమ్ములో ఒక్క రూపాయి చేతికి రాకపోయినా సరే. కాగితం మీది మెయింటెనెన్స్ ఆదాయమవుతుందా? బ్యాంకు పాసుబుక్కులో గత 12 నెలల్లో నిజంగా పడిన మొత్తాన్నే లెక్కలోకి తీసుకోవాలని ఒక్క వాక్యం మీ ఉత్తర్వులో ఉండాలి.

మేం ప్రతిపాదించేది కొత్త చట్టమేమీ కాదు. తహశీల్దారు ఇచ్చే విడి నివాస ధ్రువపత్రం ఒకటి చాలు. "ఫలానా తల్లి, ఫలానా పిల్లలు ఫలానా తేదీ నుంచి ఈ చిరునామాలో వేరుగా ఉంటున్నారు" అన్నంత వరకే అందులో ఉండాలి. పెళ్లి ఉందా లేదా, తప్పెవరిది అన్న జోలికి పోకూడదు. గడువు ఏడాది, తర్వాత పొడిగింపు. దరఖాస్తు అందిన 15 రోజుల్లో విచారణ ముగియాలి. ఆధారాలుగా వీటిలో ఏవైనా రెండు చాలనాలి: మెయింటెనెన్స్ లేదా గృహహింస కేసు నంబరు, హింసకు గురైన మహిళలకు సాయపడే సఖి కేంద్రం రికార్డు, అంగన్‌వాడీ లేదా బడి రిజిస్టరులో పిల్లల చిరునామా, అద్దె కాగితం, ఇద్దరు ఇరుగుపొరుగువారి వాంగ్మూలం. ఈ పత్రం చూపితే రేషన్ కార్డులోంచి తల్లీ పిల్లల పేర్లు అవతలివారి ఓటీపీ లేకుండానే విడిపోవాలి. మ్యాపింగ్, ఉపాధి పనుల జాబ్ కార్డు, ఆదాయ ధ్రువపత్రం అన్నీ దీని మీదే నడవాలి.

ఇలాంటి పత్రానికి మీ దగ్గరే దారి పడి ఉంది. 2017లో తెలంగాణ ఒంటరి మహిళల పింఛను పెట్టినప్పుడు భర్తకు కనీసం ఏడాదిగా దూరంగా ఉంటున్నవాళ్లనూ అందులో చేర్చింది. ఆంధ్రప్రదేశ్ పింఛన్లలోనూ ఒంటరి మహిళల కేటగిరీ ఉంది. పింఛను విషయంలో తల్లి ఒంటరి అని నమ్మిన ప్రభుత్వం, ఆమె బిడ్డ స్కాలర్‌షిప్ దగ్గరికొచ్చేసరికి ఎందుకు నమ్మదు?

దొంగ విడిపోవడాలు పుట్టుకొస్తాయని మీ అధికారులు అంటారు. పుట్టుకొస్తాయి, కాదనం. కార్డు కోసం కాగితం మీద కొడుకునూ కోడలినీ వేరు చేసిన ఇళ్లు ఊరూరా ఉన్నాయి. అందుకే ఏడాది గడువు, ఇరుగుపొరుగు వాంగ్మూలం, తప్పని తేలితే సొమ్ము తిరిగి వసూలు. అయితే రెండు జాగ్రత్తలు తప్పవు. ఈ పేర్లను సోషల్ ఆడిట్ పేరుతో నోటీసు బోర్డు మీద అంటించకూడదు. విచారణలో భర్తకు ఫోన్ చేసి "మీ ఆవిడ విడిగా ఉంటోందా" అని అడగకూడదు. దెబ్బలకు తాళలేక చిరునామా చెప్పకుండా వచ్చేసిన ఆడమనిషి ఎక్కడుందో ఆ ఒక్క ఫోన్‌తో తెలిసిపోతుంది.

బడి సంగతి. ప్రైవేటు బడిలో చదివే పిల్లల్ని, విడిపోయాక ఫీజు కట్టలేక తల్లి ప్రభుత్వ బడికి మారుస్తుంది. బాకీ తీరిస్తేగానీ టీసీ ఇవ్వమంటుంది పాత బడి. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చాలా స్పష్టంగా ఉంది: ప్రభుత్వ, ఎయిడెడ్ బడికి మారే బిడ్డకు టీసీ వెంటనే ఇవ్వాలి, ఆలస్యం చేసిన హెడ్మాస్టరు మీద చర్య తీసుకోవచ్చు, టీసీ రాలేదని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. మన హెడ్మాస్టర్లు బిడ్డను కూర్చోబెట్టుకుంటారు, అన్నమూ పెడతారు. ఆగేది బడి పిల్లల ఆన్‌లైన్ రికార్డైన యూడైస్ దగ్గర. పాత బడి తన లాగిన్‌లో బిడ్డ పేరును డ్రాప్ బాక్స్‌లోకి వదిలితేగానీ కొత్త బడి ఆ నంబరుతో తీసుకోలేదు. బాకీ ఉన్న బడి వదలదు. పిల్లాడు కొత్త బడిలో కూర్చుని, రికార్డుల్లో పాత బడిలో ఉంటాడు. కొత్త బడిలో అతని పేరు మీద ఏదీ మంజూరు కాదు. టీసీ అడిగిన వారం రోజుల్లో పాత బడి వదలకపోతే మండల విద్యాధికారి లాగిన్ నుంచే వదిలించే ఏర్పాటు ఉండాలి, అదీ ఎవరూ అడగకుండానే జరగాలి.

దరఖాస్తుల్లో తండ్రి పేరు, తండ్రి సంతకం, తండ్రి ఆధార్ ఇంకా తప్పనిసరి గడులుగా ఎందుకున్నాయో మాకు అంతుబట్టదు. పాస్‌పోర్టుకే 2016 డిసెంబరు నుంచి తల్లి లేదా తండ్రి, ఎవరో ఒకరి పేరు చాలు. దేశం దాటడానికి సరిపోయిన తల్లి పేరు ఆరో తరగతిలో చేరడానికి సరిపోదా? ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన ఆకెళ్ల లలిత కేసులో 2022 జూలైలో సుప్రీంకోర్టు, తండ్రి చనిపోయిన బిడ్డ ఇంటిపేరు నిర్ణయించుకునే హక్కు సహజ సంరక్షకురాలైన తల్లిదేనంది. తల్లి రెండో భర్తను కాగితాల్లో సవతి తండ్రిగా రాయమన్న హైకోర్టు ఆదేశాన్ని గట్టిగా తప్పుపట్టింది. మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లుల పిల్లలకు బడిలో ఎదురయ్యే ఇబ్బంది సరిగ్గా అదే. తోటి పిల్లల ముందు హాజరుపట్టీలో ఏ ఇంటిపేరు పిలుస్తారోనని బిడ్డ బిక్కుబిక్కుమంటుంటాడు.

ఇక మెయింటెనెన్స్. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 125వ సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 144వ సెక్షన్. నోటీసు అందిన 60 రోజుల్లో మధ్యంతర భృతి తేల్చాలని చట్టమే చెబుతోంది. తేలదు. మొదటి అడ్డంకి నోటీసే. "ఇంట్లో లేడు", "తలుపు తాళం" అని రెండుసార్లు తిరిగొచ్చేసరికి ఆరు నెలలు. చిరునామా నిర్ధారణకు సచివాలయం మహిళా పోలీసును, మండల సిబ్బందిని కోర్టు వాడుకునేలా ఒక ఏర్పాటు కావాలి. రెండోది ఆదాయం దాపరికం. 2020 నవంబరులో రజనీష్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలని నమూనా కూడా ఇచ్చింది. వ్యవసాయదారులకు వేరే నమూనా ఉంది. దరఖాస్తు వేసిన తేదీ నుంచే భృతి లెక్కగట్టాలనీ చెప్పింది. మగవాళ్లు వేసే అఫిడవిట్‌లో మామూలుగా కనిపించేది "కూలి పని, నెలకు 6,000" అనే మాట. తల్లి అతని భూమి వివరాలుండే 1బి నకలు, బండి ఆర్సీ వివరాలు ఎక్కడి నుంచి తెస్తుంది? కోర్టు నుంచి లేఖ అందిన పది రోజుల్లో రెవెన్యూ, రవాణా శాఖలు ఆ వివరాలు పంపాలని మీరు ఆదేశిస్తే సగం కేసుల తీరు మారిపోతుంది.

మూడోది వసూలు. బాకీ పడిన ప్రతి నెలకూ నెల వరకు జైలు వేయొచ్చు. జైలుకు పోయినంత మాత్రాన బాకీ తీరదు. కానీ బాకీ పడిన తేదీ నుంచి ఏడాదిలోగా వసూలు పిటిషన్ వేయకపోతే ఈ దారి మూసుకుపోతుంది. ఇది తెలియక తల్లులు రెండేళ్ల బాకీ కూడబెట్టి ఒకేసారి వేద్దామని ఆగుతారు, మొదటి ఏడాది సొమ్ము పోగొట్టుకుంటారు. ఆరు నెలలకోసారి వేయడం మేలు. మహిళలకూ పిల్లలకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు దొరుకుతారు, 15100కు ఫోన్ చేస్తే చాలు. తండ్రి ప్రభుత్వోద్యోగి అయితే ఉత్తర్వు నకలును జీతాలిచ్చే డీడీఓకు పంపి జీతంలోంచే కోయించాలి. ఇందులో మీ చేతిలో ఉన్నది మీరే చేయొచ్చు: కోర్టు ఉత్తర్వు అందిన మరుసటి నెల బిల్లులోనే కోత పడాలని, పడకపోతే డీడీఓదే బాధ్యతని ఒక సర్క్యులర్.

కూలీ, డ్రైవరు, మేస్త్రీ అయిన తండ్రుల దగ్గర వసూలు నిజంగానే కష్టం. జర్మనీలో 1980 నుంచి ప్రభుత్వమే బిడ్డకు ముందు సొమ్మిచ్చి తర్వాత తండ్రి దగ్గర రాబట్టుకుంటుంది. 2017 నుంచి అది 18 ఏళ్ల వరకూ వర్తిస్తోంది. మన దగ్గర దానికి దగ్గరగా ఉన్నది బాలల సంరక్షణకు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకంలోని స్పాన్సర్‌షిప్, బిడ్డకు నెలకు 4,000. భర్త వదిలేసిన తల్లి పిల్లలూ అర్హులేనని మార్గదర్శకాల్లోనే ఉంది. ఆదాయ పరిమితి మాత్రం పల్లెలో ఏడాదికి 72,000, ఇతర చోట్ల 96,000. రోజుకు 300 కూలి వచ్చే తల్లి ఏడాదిలో 240 రోజులకు మించి పనికెళితే పల్లె పరిమితి దాటినట్టే. పైన చెప్పిన టైలరమ్మ పట్టణంలోనూ అర్హురాలు కాదు. పరిమితి పెంచమని కేంద్రాన్ని అడగండి, ఈలోగా దాటినవాళ్లకు రాష్ట్ర నిధి నుంచి సగమైనా ఇవ్వండి. జిల్లా బాలల సంరక్షణ విభాగాలకు వచ్చే దరఖాస్తుల్లో వితంతువుల పిల్లలవి చకచకా కదులుతాయి, ఎందుకంటే మరణ ధ్రువపత్రం ఉంటుంది. వదిలేసిన భర్తకు ధ్రువపత్రం ఎవరిస్తారు? విడి నివాస పత్రం ఇక్కడా పనికొస్తుంది.

డబ్బు లేదనే మాట ముందే వస్తుంది కాబట్టి ఒక పోలిక. తెలంగాణలో కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ కింద పెళ్లికి ఇచ్చేది 1,00,116. ఒంటరి మహిళ పింఛను 2019లో 2,016 అయింది. పెళ్లినాడు ఒక్కరోజు ఇచ్చే సొమ్ము, ఆ పెళ్లి చెదిరాక నెలనెలా ఇచ్చే సొమ్ముకు దాదాపు 50 నెలల పాటు సమానం. వధువుకు 18 నిండాలన్న షరతు మంచిది, దాన్ని తీసేయమని అనడం లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 20-24 ఏళ్ల యువతుల్లో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. పదహారేళ్లకు పెళ్లయిన పిల్లకు చదువూ, చేతిపనీ ఉండవు. కాపురం చెదిరితే ఆమె బిడ్డే అందరికన్నా ముందు బడి మానేస్తుంది. కస్తూర్బా విద్యాలయాల అడ్మిషన్లలో అనాథలతో పాటు ఈ పిల్లలకూ స్పష్టమైన ప్రాధాన్యం రాతపూర్వకంగా ఇవ్వండి.

రెండో పెళ్లి పిల్లల గురించి కూడా ఒక మాట. మొదటి భార్య ఉండగా జరిగిన పెళ్లి చెల్లదు కానీ, ఆ పిల్లలు హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ ప్రకారం చట్టబద్ధ సంతానమే. కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో వాళ్ల పేర్లు రాయడానికి జంకే తహశీల్దార్లు చాలామంది. ఆ పత్రంలో పేరు ఎక్కితే ఉమ్మడి ఆస్తి మొత్తం పంచేసినట్టు కాదని వారికి శిక్షణలో చెప్పాలి.

పూర్తి ఉత్తర్వుకు నాలుగు శాఖల సంతకాలు, ఆర్థిక శాఖ ఆమోదం కావాలని మాకు తెలుసు. అది వచ్చేలోపు నాలుగు వాక్యాల మెమో ఒకటి ఈ మే నెలలోనే తహశీల్దార్లకు, మండల విద్యాధికారులకు పంపండి: పిల్లల ధ్రువపత్రాలకు విడాకుల డిక్రీ అడగరాదు, తల్లి స్వీయ ప్రకటన తీసుకుని విచారించాలి. అందని మెయింటెనెన్స్‌ను ఆదాయంలో కలపరాదు. తండ్రి సంతకం లేదన్న కారణంతో ఏ దరఖాస్తునూ తిప్పి పంపరాదు. తిప్పి పంపితే కారణం రాసి, సంతకం చేసి, తేదీ వేసి తల్లి చేతికి ఇవ్వాలి. ఆ కాగితం ఉంటే మిగతా పని మేం చూసుకోగలం.

ఇట్లు,
రెండు తెలుగు రాష్ట్రాల్లోని కుటుంబ న్యాయస్థానాల న్యాయవాదులు, పారాలీగల్ వాలంటీర్లు, ఉపాధ్యాయులు కొందరం